నాలుగు ముద్దలకే కడుపు నిండేది

మా బిడ్డకు పదమూడేండ్లు. రెండు నెలల సంది నాలుగు ముద్దలు తినంగనే "కడుపు నిండింది డాడీ" అని కంచం జరిపేది. ఫోన్ చూసుకుంట తింటది కదా, అందుకే అనుకొని తిట్టిన. ఆ తిట్లే ఇప్పుడు గుచ్చుతున్నయి.

హన్మకొండల స్కానింగ్ చేయించినం. ఎడమ పక్కటెముకల కింద ఆ చల్లటి జెల్లు రాసి తిప్పుకుంట తిప్పుకుంట డాక్టర్ ఒక్క కాడ ఆగిండు. తెర మీద నల్లగ, గుండ్రంగ నీళ్ల బుడగ. ప్లీహంల, అంటే కడుపు పక్కకు ఎడమ దిక్కున ఉండే అవయవంల, సిస్ట్, 8 సెంటీమీటర్లు. అదే కడుపును ఒత్తుతున్నదట. మా అమ్మ అప్పటికే "కడుపుల బల్ల పెరిగిందేమోరా" అన్నది. ప్లీహం ఉబ్బితే బల్ల అనేటోళ్లు. పాతకాలపు మాటే గని చోటు మాత్రం సరిగ్గ చెప్పింది!

సర్జన్ అడిగినవి వింతగ అనిపించినయి. సైకిల్ మీదికెళ్లి పడ్డదా? ఇంట్ల కుక్క ఉన్నదా, గొర్లున్నయా? దెబ్బ తాకి లోపల రక్తం గూడుకట్టినా సిస్ట్ అయితదట, కుక్కల నుంచి వచ్చే హైడాటిడ్ పురుగుతోని గూడ అయితదట. మాకు రెండూ కాదు. పుట్టుకతోనే ఉన్నదని తీసినంక పరీక్షల తేలింది. చిన్నదైతే స్కాన్ చేసుకుంట చూస్తరు. సూదితోని నీళ్లు గుంజితే మళ్ల నిండుతదట.

చిన్న రంధ్రాలు పెట్టి సిస్ట్ గోడ కోసి తీసిండ్రు, ప్లీహం దక్కింది. ఒకవేళ మొత్తం తీయాల్సొస్తే ఇన్ఫెక్షన్ల భయమని ముందే న్యుమోకాకల్, మెనింజోకాకల్ టీకాలు ఏసిండ్రు. టీకాకు ఏడ్చింది, ఆపరేషన్‌కు ఏడ్వలే.

నిన్న మక్కగారెలు ఐదు తిన్నది. ఆరోది నా కంచంల నుంచి గుంజుకున్నది.