మీ ముక్కలు సరే, మీ తర్వాత మాట్లాడేది ఎందరు?

దసరాకు నల్లగొండ, దేవరకొండ వైపు ఊళ్లలో పత్తాలు తీస్తే రమ్మీ, లేదంటే మూడు పత్తాలు. ఆ అలవాటుతో పోకర్‌కు (టెక్సస్ హోల్డెమ్: చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు) కూర్చుంటే ముక్కలు పారేయడానికి చెయ్యి రాదు, ఎందుకంటే రమ్మీలో మొదటి డ్రాప్‌కే 20 పాయింట్లు పడతాయి. పోకర్‌లో రెండు బ్లైండ్ సీట్లలో తప్ప, మొదట్లోనే పారేస్తే పోయేదేమీ లేదు. ఇక్కడ బ్లైండంటే ముక్కలు చూడకుండా ఆడటం కాదు, పంచకముందే డీలర్ తర్వాతి ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందెం.

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడటం చట్టరీత్యా నేరం. చింతగింజలు పెట్టుకోండి: తలా 100, పెద్ద బ్లైండ్ 2, చిన్నది 1.

తొమ్మిది మంది కూర్చున్నారు. మీకు ఆసు, జాకీ వచ్చాయి, రంగులు వేరు. చూడ్డానికి బాగుంటాయి. వీటిని గట్టిగా దెబ్బకొట్టేవి ఆసు, రాజు, రాణి, జాకీల జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి. అవతలి మనిషికి రాగల 1,225 జోడీల్లో ఇవి 42. పెద్ద బ్లైండ్ తర్వాతి మొదటి సీట్లో మీరుంటే ఇంకా ఎనిమిది మంది మాట్లాడాలి, అంటే కడతారో, పెంచుతారో, పారేస్తారో చెప్పాలి. వాళ్లలో ఒక్కరికైనా వీటిలో ఒకటుండే అవకాశం 24 శాతం. అదే డీలర్ సీట్లో, ముందువాళ్లంతా పారేసి బ్లైండ్లు కట్టిన ఇద్దరే మిగిలితే 7 శాతం లోపే. ముక్కలవే, ఆట వేరు. నష్టం కూడా పెద్దది: బల్ల మీద ఆసు పడగానే సంబరంగా చివరిదాకా కడతారు, అవతల ఆసు-రాజు ఉంటే జత ఒకటే, పక్క ముక్కతో ఓడిపోతారు.

కాబట్టి మొదటి సీట్లో కొత్తవాళ్లకు నా లెక్క ఇది: ఏడు, ఆపై జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి, ఒకే రంగైతే ఆసు-జాకీ, రాజు-రాణి. 1,326 జోడీల్లో ఇవి 88, అంటే నూటికి ఏడు కూడా కాదు. విసుగొస్తుంది, అయినా సరే పారేయాలి. డీలర్ సీట్లో ముందువాళ్లంతా పారేస్తే నూటికి నలభై దాకా ఆడొచ్చు, ఎందుకంటే ఆ తర్వాత ప్రతి రౌండులో చివరి మాట మీదే. ముందు ఎవరైనా పెంచారా, ఆ నలభై మరచిపోండి. మొదటి సీటువాడు పెంచితే ఆసు-జాకీ డీలర్ సీట్లోనూ పారేసేదే.

చేతిలో చిన్న జతుంటే, అదే అంకె మూడో ముక్క బల్ల మీది మొదటి మూడు పత్తాల్లో పడేది ఎనిమిది, తొమ్మిదిసార్లకు ఒకసారి. ఎవరైనా పెంచాక ఆ జతతో 5 గింజలు కట్టాలంటే ఇద్దరి దగ్గరా కనీసం 75 ఉండాలి, లేకుంటే గెలిచినా గిట్టదు.

గింజలు కారిపోయే ఇంకో చోటు చిన్న బ్లైండ్. సగం కట్టేశాం కదా అని అందులోకి దిగుతారు, ఆపై ప్రతి రౌండులో వాళ్లే ముందు మాట్లాడాలి. అక్కడ పెంచండి, లేదా పారేయండి. పెద్ద బ్లైండ్ సంగతి వేరు: డీలర్ 5కు పెంచి చిన్న బ్లైండ్ తప్పుకుంటే కుండలో (మధ్యలో పోగైన పందెంలో) ఉన్న 8 గింజల కోసం మీరు వేసేది ఇంకో 3 మాత్రమే, కాస్త వదులుగా ఆడినా తప్పులేదు.