మిలిట్రీల పోయిండు: పెద్దతాత కోసం ఎనిమిది నెలల వెతుకులాట

జూన్

నల్గొండలో ఉద్యోగం, ఆదివారాలు ఖాళీ. వంశవృక్షం రాయడం అలా మొదలైంది. నాయిన వైపు ఐదు తరాలు, మొత్తం నూటపద్నాలుగు పేర్లు వచ్చాయి. అందులో ఒక్క గడి మాత్రం మొదటి రోజు నుంచీ నన్ను సతాయిస్తోంది. అది మా తాతకు అన్న, పెద్దతాత గడి. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, ఫోటో లేదు. ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే మాట: "మిలిట్రీల పోయిండు."

నేను దాన్ని "సైన్యంలో చేరి చనిపోయాడు" అని రాసుకున్నాను. పెద్దతాత పుట్టింది సుమారు 1920లో. కాబట్టి రెండో ప్రపంచ యుద్ధమే అయ్యుంటుందని తేల్చేశాను. ఇదే నా మొదటి తప్పు. ఇది బయటపడటానికి ఐదు నెలలు పట్టింది.

జూలై

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకడం మొదలుపెట్టాను. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన భారతీయ సైనికుల పేర్లు కూడా అక్కడ ఉంటాయి, డబ్బేమీ కట్టక్కర్లేదు. పేరు, నంబరు, దళం, చనిపోయిన తేదీ ఇస్తారు. అదృష్టం బాగుంటే తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా దొరుకుతాయి. ఎవరైనా మొదలుపెడుతుంటే ఒక సలహా: పేరుతో వెతకకండి. ఎల్లయ్య అనే పేరును ఆనాటి గుమాస్తా ఎల్లయా, యెల్లియా, యల్లయ్య అని ఎన్ని రకాలుగా రాసి ఉంటాడో లెక్క లేదు. పైగా చాలామందికి ఇంటిపేరే ఉండదు. అదనపు వివరాలు అనే గడి ఒకటి ఉంటుంది. అందులో జిల్లా పేరు కొట్టి, భారత సైన్యం అని ఎంచుకుని, వచ్చిన జాబితాను ఎక్సెల్‌లోకి దింపుకోండి. ఆ తర్వాత తండ్రి పేరు పట్టుకుని చూస్తే పని సులువు.

సమాధి లేనివాళ్ళ పేర్లు స్మారకాల మీద ఉంటాయి. మలయా, సింగపూర్ వైపు పోయినవాళ్ళవి సింగపూర్‌లోని క్రాంజీలో, బర్మాలో పోయినవాళ్ళవి రంగూన్ దగ్గర టాక్‌చాన్‌లో చెక్కారు.

నేను దారి తప్పింది "19వ హైదరాబాద్ రెజిమెంట్" దగ్గర. పేరులోనే హైదరాబాద్ ఉంది కదా, మనవాళ్ళే అనుకున్నాను. దాని 4వ బెటాలియన్ మలయాలో జపాన్ సేనతో పోరాడింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. నెల రోజులు ఆ జాబితాల్లోనే తిరిగాను. తీరా చూస్తే ఆ రెజిమెంట్‌లో ఎక్కువమంది కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత సైన్యం వేరే. అందులోని 1వ హైదరాబాద్ పదాతి దళం 1941 డిసెంబరులో జపాన్‌వాళ్ళు దిగినప్పుడు మలయాలోని కోటా భారు విమానాశ్రయం కాపలాలో ఉంది. ఈ రెండింటినీ కలిపేస్తే నాలాగే నెల పోగొట్టుకుంటారు.

ఈలోగా మా బావ ఒక పని చేశాడు. నేను మాటవరసకు క్రాంజీ అన్నానో లేదో, ఆ స్మారకం ఫోటో మీద "మన పెద్దతాత, అమర జవాన్" అని రాసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నలభై మూడు దండాలు వచ్చాయి. నేనూ ఒక దండం పెట్టాను, అబద్ధమెందుకు.

ఆగస్టు

జాబితాల్లో ఏమీ తేలలేదు. సరే, భూమి కాగితాలైనా చూద్దామనుకున్నాను. తెలంగాణలో వంశవృక్షం రాసేవాళ్ళకు 1954-55 ఖాస్రా పహాణీ బంగారం లాంటిది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగు చేసేవాడు అన్నీ ఉంటాయి. దానికంటే ముందుది సేత్వార్, అంటే నిజాం కాలపు సర్వే నాటి పట్టాదారుల రిజిస్టరు. తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత సమాచార హక్కు కింద అడిగాను. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, కాగితానికి 2 రూపాయలు. దానికి జవాబొచ్చింది.

మా ఊరి ఖాస్రా ఉర్దూలో ఉంది. రిటైరైన ఒక ఉర్దూ సార్ దగ్గరికి పోయాను. డబ్బు తీసుకోనన్నారు. రెండు చాయ్‌లు, ఒక ఉస్మానియా బిస్కెట్ ప్యాకెట్‌తో పని అయిపోయింది. సేత్వార్‌లో మా ముత్తాత పేరుంది. ఖాస్రాలో మా తాత ఒక్కడి పేరే ఉంది. పెద్దకొడుకు పేరు రావాల్సిన చోట చిన్నకొడుకు పేరుందంటే అప్పటికి పెద్దతాత లేడనే అర్థం చేసుకోవాలి. కానీ పేరు లేనంత మాత్రాన మనిషి లేడని కాదు, పేరు ఉన్నంత మాత్రాన ఉన్నాడనీ కాదు. చనిపోయి ఇరవై ఏళ్ళయినవాళ్ళు పహాణీలో ఇంకా సాగు చేస్తూనే ఉంటారు. నేనే చూశాను.

సెప్టెంబరు

ఊళ్ళో పాత ఇల్లు దించుతుంటే ఇనుప సందుగ దొరికింది. అడుగున పెళ్ళి కార్డులు, కరెంటు బిల్లులు, వాటి కింద నాలుగు మడతల కాగితం ఒకటి. కుదువ కాగితం. ఎద్దుల జోడి కుదువ పెట్టి 70 హాలీ రూపాయలు తీసుకున్నట్టు తెలుగులో రాసి, కింద రెండు వేలిముద్రలు వేశారు. ఒకటి పెద్దతాతది. సాక్షిగా మా తాతది.

అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆయన చేతి నుంచి నాకు దొరికింది అదొక్కటే.

పాత కాగితం దొరికితే ముందు దాన్ని బలవంతంగా విప్పకండి. నేను రెండు పొడి కాగితాల మధ్య పెట్టి, మీద బరువున్న డిక్షనరీ ఒకటి రెండు రోజులుంచాను. కింద నల్ల గుడ్డ పరిచి, నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీశాను. లామినేషన్ మాత్రం వద్దు, ఒకసారి చేస్తే మళ్ళీ తీయలేం. హాలీ అంటే నిజాం రూపాయి. ఇంగ్లీషువాళ్ళ రూపాయిని కల్దార్ అనేవాళ్ళు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. అంటే మావాళ్ళు తీసుకున్నది 60 కల్దార్లు.

కాగితం మీద తేదీ: ఇస్ఫందార్ నెల, 1358 ఫసలీ.

ఫసలీ అంటే నిజాం కాలంలో సర్కారు కాగితాల్లో వాడిన సంవత్సరం లెక్క. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే దానికి 590 కలపాలని ఎక్కడో విన్నాను. కలిపితే 1948. ఇస్ఫందార్ సుమారుగా జనవరి. 1948 జనవరి అంటే రజాకార్ల కాలం. యుద్ధం ముగిసి రెండున్నరేళ్ళయినా పెద్దతాత ఊళ్ళోనే ఉన్నాడు, ఎద్దులు కుదువ పెడుతున్నాడు. మలయా లేదు, బర్మా లేదు. బావకు చెప్పాలి కదా అని ఫోన్ తీసి, మళ్ళీ లోపల పెట్టేశాను.

అక్టోబరు

ఆ లెక్క కూడా తప్పేనని ఇంకో నెలకు తెలిసింది. జాగీర్దారీ రద్దు గురించి చదువుతుంటే 1358 ఫసలీ నాటి 69వ నంబరు రెగ్యులేషన్ అని కనిపించింది. ఆ రద్దు జరిగింది 1949 ఆగస్టు 15న, మిలిటరీ గవర్నర్ హయాంలో. మరి 1358కి 590 కలిపితే 1948 ఆగస్టు వస్తుంది. అప్పుడింకా నిజాం పాలన. ఆయన ఎందుకు రద్దు చేస్తాడు?

విషయం ఇదీ. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి. జనవరి నుంచి మళ్ళీ ఆజూర్ వచ్చేదాకా 591. నెలలు వరసగా ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఇంకో చిక్కు మునగాల వైపు చుట్టాలున్నవాళ్ళకు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే అయినా అది బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లాలోది. అక్కడి ఫసలీ జూలై 1న మొదలయ్యేది. పక్కపక్క ఊళ్ళు, రెండు లెక్కలు. వంశవృక్షం కోసం నేను వాడే గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్‌లో పర్షియన్ క్యాలెండర్ ఉంది, నెలల పేర్లు కూడా దగ్గరగానే ఉంటాయి. అయినా ఫసలీ తేదీని అందులో వేయకండి, అది పూర్తిగా వేరే లెక్క. ఇంగ్లీషు తేదీ వేసి, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కింద నోట్‌లో రాసుకోండి.

కాబట్టి ఇస్ఫందార్ 1358 అంటే 1949 జనవరి. ఒక్క సంవత్సరం తేడా. కానీ ఆ ఒక్క సంవత్సరంలో మా వైపు పాలించేవాడే మారిపోయాడు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్లు పోయారు. కానీ సైన్యం వెంటనే పోలేదు. దొరల భూములు పంచిన కమ్యూనిస్టు సంగం దళాల కోసం నల్గొండ, వరంగల్ పల్లెల్లో 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా వెతుకులాట సాగింది.

మా ఊళ్ళో "మిలిట్రీ" అంటే ఆ మూడేళ్ళు. అది నాకు అప్పుడు తట్టింది.

నవంబరు

తాత చెల్లెలు ఉంది, అందరం అవ్వ అంటాం. తొంభైకి దగ్గరపడింది. సూర్యాపేట దగ్గర కొడుకు ఇంట్లో ఉంటుంది. జూన్‌లోనే ఒకసారి మాట్లాడాను కానీ "ఏ సంవత్సరం అవ్వా?" అని అడిగాను. అలా అడిగితే ముసలివాళ్ళు మన మీద జాలిపడి ఏదో ఒక అంకె చెప్తారు. ఈసారి వాళ్ళ క్యాలెండర్ రాసుకుని పోయాను: జర్మన్ లడాయి (రెండో ప్రపంచ యుద్ధం), లెవీ గింజలు, కడివెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్యను కాల్చింది (ఇది 1946 జూలై 4), రజాకార్లు, మిలిట్రీ, సాగర్ పునాది (1955 డిసెంబరు 10). సంవత్సరం బదులు పండుగ, పంట అడిగాను. ఫోన్ రికార్డర్‌ను ఆమె మంచం మీద దిండు పక్కన పెట్టి, ఫ్యాన్ ఆపించాను. జూన్ రికార్డింగ్ అంతా ఫ్యాన్ మోతే.

లెవీ అనగానే అవ్వ లేచి కూర్చుంది. యుద్ధం పేరు చెప్పి సర్కారు గింజలు గుంజుకుపోయేదట. లెవీ కొలిచినాక మిగిలింది చూసి వాళ్ళ నాయిన గింజలు దాచే గుమ్మిలో చెయ్యి పెట్టి, ఏమీ అనకుండా బయటికి పోయేవాడట. జర్మన్ లడాయి మా ఇంట్లోకి వచ్చింది ఆ గుమ్మి దారిన. నేనేమో క్రాంజీలో వెతికాను.

తర్వాత ఆమె పెళ్ళి గురించి అడిగాను.

"రజాకార్ల భయానికి చిన్నపిల్లగున్నప్పుడే చేసిండ్రు బిడ్డా. ఆ యేడే మిలిట్రీ వచ్చె. పెద్దతొవ్వ పొంటి లారీలు, లారీలు. పొద్దుగూకేదాక పోతనే ఉన్నయి."

"ఆ యేడు బతుకమ్మకు పుట్టింటికి వచ్చినవా?"

"రాకపోతె? పెద్దన్ననే బండి కట్టుకొని వచ్చిండు. గునుగుపువ్వు తెస్త తియ్యి అని తొవ్వల బండి ఆపిండు. నాకు యాదికున్నది."

పోలీసు చర్య, అంటే భారత సైన్యం రావడం, సెప్టెంబరు నడిమిన. ఆ తర్వాత రెండు వారాలకే బతుకమ్మ. కుదువ కాగితం జనవరిది. ఈ రెండూ కలిసిపోయాయి. ఆ బండికి కట్టిన ఎద్దులూ, కుదువ పెట్టిన ఎద్దులూ ఒకటేనా అని అడిగాను. "మాకు ఎన్ని జోళ్ళుండె? ఒక్కటే" అంది.

ఇంక ఉండబట్టలేక అడిగేశాను: "మరి ఆయన మిలిట్రీలకు పోయిండని అందరంటరు?"

అవ్వ నా మొహం చూసింది. "మిలిట్రీలకు ఎందుకు పోతడు? మిలిట్రీల పోయిండు. మిలిట్రీ ఉన్నప్పుడు. ఎండకాలం, జీపుల ఎక్కించుకపోయిండ్రు. సంగపోళ్ళకు బువ్వ పెట్టిండని. మల్ల రాలె." కాసేపాగి, "మీ తాత అడగనీయలె ఎవ్వల్ని. ఎవరన్న ఫౌజుల జేరిండా అంటె ఊకుండేది" అంది.

రికార్డింగ్‌లో అక్కడ పదకొండు సెకన్లు ఏమీ లేదు. బయట కోడి అరుపు ఒకటి వినిపిస్తుంది.

ఫైలు పేరు: తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ళ వరస, ఎన్నో భాగం. నకళ్ళు రెండు, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మా చెల్లె దగ్గర. అవ్వ చెప్పిన మాటలను ఆమె యాసలోనే ఎక్కించాను. జూన్‌లో నేను శుద్ధ తెలుగులోకి మార్చి రాసుకున్నప్పుడే అసలు సంగతి జారిపోయింది.

జనవరి

గ్రాంప్స్‌లో ఇప్పుడు పెద్దతాత గడి ఇలా ఉంది. జననం: సుమారు 1920. చివరిసారి కాగితం మీద: 1949 జనవరి. మరణం: 1949 జనవరికి, 1951 అక్టోబరుకు మధ్య. ఇలా రెండు తేదీల మధ్య అని వేసే వీలు అందులో ఉంది, మంచి సౌకర్యం. అవ్వ ఎండకాలం అంది కాబట్టి మూడు ఎండకాలాలు మిగిలాయి. 1949, 50, 51. వృత్తి గడిలో "సైనికుడు" తీసేసి "వ్యవసాయం" అని పెట్టాను. తీసేసింది కూడా కింద నోట్‌లో ఉంచాను, ఎందుకు తీశానో ఒక వాక్యంతో సహా. లేకపోతే పదేళ్ళ తర్వాత మావాళ్ళలో ఎవరో ఒకరు మళ్ళీ సింగపూర్ పోతారు.

వచ్చే నెల తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. ఉర్దూ సార్ వస్తానన్నారు. 1949 నుంచి 51 దాకా నల్గొండ జిల్లా నిర్బంధాల కాగితాలు అడిగి చూస్తాం. పేరు ఎన్ని రకాలుగా రాసి ఉండొచ్చో సార్ ఇప్పటికే ఒక చిట్టీ మీద ఉర్దూలో రాసి పెట్టుకున్నారు, ఏడు రకాలు.

సంక్రాంతికి బావ ఇంటికి పోయాం. ఆ క్రాంజీ ఫోటోను ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాడు, దండ కూడా వేశాడు. అవ్వ ఆ ఫోటో ముందు నిలబడి ఇదెవరిదని అడిగింది. బావ నా వైపు చూశాడు. నేను అరిసెలు తింటున్నాను.