అమ్మమ్మ అరికాలు చూసిన పిల్ల

మా అమ్మాయి పెరుగుతున్నది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ప్రపంచంలోనే ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో మేముండే రాష్ట్రం క్వీన్స్‌ల్యాండ్ ఒకటి. యూనివర్సిటీ ఆస్పత్రిలో నా వైద్యం, పరిశోధన రెండూ దాని మీదే. ఇక్కడి బళ్లలో టోపీ లేని పిల్లల్ని ఎండలో ఆడుకోనివ్వరు.

ఇక్కడి ఎండాకాలం సెలవులు సంక్రాంతికి కలిసొస్తాయి. అప్పుడు దేవరకొండ దగ్గర మా ఊరికి పోతాం. టోపీ పెట్టుకున్న పిల్లను చూసి "నల్లబడకుండ మంచిగ చూసుకుంటున్నవ్ బిడ్డా" అని చుట్టాలు మెచ్చుకుంటారు. బ్రిస్బేన్‌లోనేమో తన స్నేహితురాళ్లు ఒళ్లు కాస్త నల్లబడాలని ఎండలో పడుకుంటారు. పదమూడేళ్ల పిల్ల ఎవరి మాట వినాలి? పోయినసారి ఒకావిడ తెల్లబడే క్రీమంటూ ఓ ట్యూబ్ చేతిలో పెట్టింది. చూస్తే అందులో స్టెరాయిడ్! రోజూ ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి. నాకు నిజంగా కోపమొచ్చింది. పిల్లకు రంగు గురించి కాదు, చర్మం గురించి చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎండ వల్ల వచ్చే మెలనోమా మనకు చాలా అరుదు. వస్తే ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోటి కింద. గాయకుడు బాబ్ మార్లీ 1981లో, 36 ఏళ్లకే చనిపోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే వైద్యం ఇమ్యునోథెరపీ. దానికి దారి చూపిన ఇద్దరు శాస్త్రవేత్తలకు 2018లో నోబెల్ వచ్చింది. కానీ ఆ మందులు ఎండ వల్ల వచ్చే మెలనోమా మీద పనిచేసినంతగా ఈ రకం మీద పనిచేయవు. కాబట్టి తొందరగా కనిపెట్టడం ఇందులో మరీ ముఖ్యం.

మా అమ్మ ఏళ్ల తరబడి ఒట్టి కాళ్లతో చేన్ల పనిచేసిన మనిషి. కుడి అరికాల్లో చిన్న నల్లమచ్చ ఉంది. చర్మాన్ని పెద్దగా చేసి చూపించే డెర్మటోస్కోపు పిల్ల చేతికిచ్చి చూడమన్నాను. అందులో అరికాలి చర్మమంతా సన్నని గట్లు, వాటి మధ్య చాళ్లు. గట్ల మీద వరసగా తెల్లచుక్కలు, అవి చెమట రంధ్రాలు. మామూలు పుట్టుమచ్చలో రంగు సాధారణంగా చాళ్లలో ఉంటుంది, మెలనోమాలో గట్లెక్కుతుంది.

"అమ్మమ్మా, నీ కాలు మిరపచేను లెక్కనే ఉంది! బోదెల మీద నలుపు లేదు, సాళ్లల్లనే ఉంది. భయం లేదు" అంది. ఆదివారం తెలుగు క్లాసులో ఎన్నడూ అంత ధారాళంగా మాట్లాడలేదు.

"అయితే ఎడమ కాలు గూడ చూడు" అంది మా అమ్మ.

సాయంత్రానికి వాడకట్టు ఆడవాళ్లంతా అరుగు మీద కాళ్లు చాపారు. అరికాల్లో పెరిగే నల్లమచ్చ, ఒకే గోటికి వెడల్పయ్యే నల్లగీత ఉంటే పసర్లు పూయొద్దని, కోయొద్దని, చర్మ డాక్టర్‌కు చూపించమని చెప్పాను. ఒక పెద్దాయన తొడ మీద పాత కాలిన మచ్చ, దాని మీద నెలలుగా మానని పుండు చూపించాడు. అలాంటి పుండులోనూ క్యాన్సర్ పుట్టొచ్చు. ముక్క తీసి పరీక్ష చేయించాలని చెప్పి నల్లగొండ పెద్దాస్పత్రికి పంపాం. అక్కడ ఏమని అడగాలో కాగితం మీద తెలుగులో రాసిచ్చింది మా అమ్మాయే.