సీజర్ కంటే ముందు సుల్లాని చదవండి: నా ఎం.ఏ. హిస్టరీ ప్రిపరేషన్

దూరవిద్యలో ఎం.ఏ. హిస్టరీ చదువుతూ, ప్రాచీన నాగరికతల పేపరంటే టెన్షన్ పడుతున్న ఫ్రెండ్స్ కోసం ఇది రాస్తున్నాను.

మొదటిసారి నేను ఆ పేపర్ తప్పాను. రోమన్ గణతంత్ర పతనం గురించి అడిగితే, క్రీ.పూ. 49లో సేనాని సీజర్ ఇటలీ సరిహద్దు నది రూబికాన్ దాటడంతో మొదలుపెట్టి, సైన్యంతో రోమ్ మీదికి వచ్చిన మొదటి సేనాని ఆయనే అని రాశాను. అంతకు 39 ఏళ్ల ముందే, క్రీ.పూ. 88లో, సుల్లా అనే సేనాని ఆ పని చేశాడు. రెండోసారి వారం రోజులు సుల్లా మీదే కూర్చున్నాను. ఆ వారమే నన్ను గట్టెక్కించింది.

సుల్లా అప్పుడు కాన్సుల్, అంటే ఏడాదికి ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారుల్లో ఒకడు. నల్ల సముద్రం ఒడ్డునున్న పొంటస్ రాజు మిత్రిడేటిస్ మీద యుద్ధం ఆయన చేతికి వచ్చింది. ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల ప్రతినిధి) సుల్పీషియస్ చట్టం చేయించి ఆ యుద్ధ నాయకత్వాన్ని పాత సేనాని మారియస్‌కి మార్పించాడు. నోలా దగ్గరున్న సైన్యంతో సుల్లా మాట్లాడాడు. సైనికులు వెంట నడిచారు, పై అధికారుల్లో ఒక్కరు తప్ప అందరూ వదిలి వెళ్లిపోయారు. ఇక్కడ ఆగి, ఎందుకలా అని ఆలోచించండి. క్రీ.పూ. 107లో మారియసే ఆస్తి లేని పేదల్ని సైన్యంలోకి తీసుకున్నాడు. వాళ్లకి యుద్ధంలో దక్కే సొమ్ము, ఆ తర్వాత భూమి సేనాని ఇప్పిస్తేనే. తూర్పు యుద్ధానికి మారియస్ వేరేవాళ్లని తీసుకెళ్తాడేమోనని వాళ్ల భయం. సుల్లా ఒకప్పుడు ఆ మారియస్ కిందే క్వెస్టర్‌గా (ఖజానా చూసే అధికారిగా) పనిచేశాడు. ఈ సంగతి రాస్తే జవాబుకి బలం వస్తుంది.

క్రీ.పూ. 82లో మారియస్ పక్షంతో జరిగిన అంతర్యుద్ధంలో సుల్లా గెలిచి, డిక్టేటర్ (సర్వాధికారాలున్న పాలకుడు) అయ్యాక చంపదగినవాళ్ల పేర్లు జాబితాలుగా అంటించాడు. చంపినవాళ్లకి బహుమతి, చచ్చినవాళ్ల ఆస్తి వేలం, వాళ్ల కొడుకులకీ మనవలకీ పదవులు లేవు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెద్దల సభ సెనేట్‌ని దాదాపు 600 మందికి పెంచాడు, ట్రిబ్యూన్ల అధికారం కోశాడు. క్రీ.పూ. 78లో చనిపోయాడు. క్రీ.పూ. 70లో ట్రిబ్యూన్లకి ఆ అధికారాన్ని తిరిగి ఇచ్చింది ఒకప్పుడు ఆయన పక్షాన పోరాడిన సేనానులు పాంపే, క్రాసస్‌లే.

నా నోట్స్‌లో క్రీ.పూ. 133లో ట్రిబ్యూన్ టైబీరియస్ గ్రాకస్ నుంచి మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ దాకా ఒకే పేజీ. ఒక్కొక్కరి పేరు పక్కన రెండే రాసుకున్నాను: సైన్యం ఎవరి మాట వింది, ట్రిబ్యూన్లకి ఏమైంది. డిక్టేటర్ పదవి దగ్గర మాత్రం జాగ్రత్త. పాత పద్ధతిలో గడువు 6 నెలలు. సుల్లాకి గడువు పెట్టలేదు, అయినా ఆయనే దిగిపోయాడు. జీవితకాల డిక్టేటర్ అయింది సీజర్, క్రీ.పూ. 44లో.