తెలుగుకి ఏపీ లేదు

"తెలుగుకి ఏపీ లేదు కదమ్మా" అంది మా అమ్మాయి. ఇక్కడ అమెరికాలో తొమ్మిదో తరగతి చదువుతోంది. తను అన్న ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు, దాని చివర పరీక్ష. వారాంతపు తెలుగు బడిలో ఇంకొక్క ఏడాది మిగిలింది. అది పూర్తి చెయ్యమని నేను, చెయ్యనని తను. కోపంతో అన్న మాట కాదు. వచ్చే ఏడాది సబ్జెక్టుల ఫారం నింపుతూ, స్పానిష్ పక్కన టిక్కు పెట్టి, మామూలుగా చెప్పేసింది. స్పానిష్‌లో ఏపీ దాకా వెళ్లొచ్చు, హైస్కూలు మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తుంది, స్కోరు బాగా వస్తే కాలేజీలో క్రెడిట్ వస్తుంది. తన లెక్కలో తప్పేమీ లేదు.

మా ఇంట్లో ఏపీ ఒక్కొక్కరికి ఒక్కోటి. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, ఆఫీసులో ఏపీ అంటే మేం చెల్లించాల్సిన బిల్లులు. మా ఆయనకు వైఫై యాక్సెస్ పాయింట్. తెలుగు మీడియంలో టెన్త్ చదివిన నాకు లెక్కల్లో ఏపీ అంటే అంకశ్రేఢి. వార్తల్లో ఫొటోల కింద ఏపీ అని ఉంటే మా అబ్బాయి అవి అమ్మమ్మ వాళ్ల రాష్ట్రం నుంచి వచ్చాయనుకునేవాడు. అది 1846లో న్యూయార్క్‌లో మొదలైన అసోసియేటెడ్ ప్రెస్ అని వాడికి చెప్పాను. ఆన్‌లైన్‌లో అడ్రసు నింపేటప్పుడు అమెరికా రాష్ట్రాల జాబితాలోనూ ఒక్కోసారి ఏపీ కనిపిస్తుంది. పసిఫిక్ వైపు ఉన్న సైనికులకు ఉత్తరాలు పంపే కోడ్ అది. సంగతి తెలిసినా నా కన్ను అక్కడే ఆగుతుంది.

అందుకే అమ్మాయి మాట విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఆ రెండక్షరాల వెనక ఉన్న రాష్ట్రం పుట్టిందే తెలుగు కోసం. మర్నాడు తనను కూర్చోబెట్టి పొట్టి శ్రీరాములు గారి గురించి చెప్పాను. 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 58 రోజులు. డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. అదే రోజున, ఆ తర్వాత కూడా దేశంలో చాలా రాష్ట్రాలను భాషల వారీగానే విడదీశారు. అమ్మాయి శ్రద్ధగా విని అడిగింది: "మరి 2014లో ఎందుకు విడిపోయారు? అందరిదీ తెలుగే కదా?"

నీళ్లు, నిధులు, నియామకాలు అని చెప్పాను. హైదరాబాద్ రాష్ట్రం చరిత్ర వేరని, 1969లోనే పెద్ద ఉద్యమం జరిగిందని, తెలంగాణ వాళ్ల బాధ నిజమైనదని చెప్పాను. "అయితే భాష ఒక్కటే సరిపోదన్నమాట" అంది. ఔనన్నాను. ఇప్పటికీ ఔననే అంటాను. కానీ తెలుగు బడికి పంపడానికి నేను మొదలుపెట్టిన వాదన నా చేతిలోంచే జారిపోయింది.

మా అమ్మ వాళ్ల ఊరు కుక్కునూరు మండలంలో ఉంది. మా తాత పుట్టినప్పుడు అది నిజాం రాజ్యం. నేను పుట్టేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లా. 2014లో ఖమ్మం జిల్లా తెలంగాణకు వెళ్లింది, పోలవరం ముంపు మండలాలను మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ముందు పశ్చిమ గోదావరి జిల్లా అన్నారు, 2022లో ఏలూరు జిల్లా అన్నారు. అమ్మ ఆ ఇంట్లోంచి కదల్లేదు. ప్రాజెక్టులో నీళ్లు నింపితే ఇక కదలక తప్పదు. అక్కడి వాళ్ల కోసం జంగారెడ్డిగూడెం వైపు పునరావాస కాలనీలు కట్టారు. నా పిల్లలకు చూపించడానికి ఊరే మిగలకపోతే ఇంక మిగిలేది అమ్మ మాట. అటు తెలంగాణ, ఇటు గోదావరి రెండూ కలిసిన మాట. ఫోన్లో అమ్మ గబగబా మాట్లాడితే అమ్మాయికి సగమే అందుతుంది. మిగతా సగం అందాలని నా పట్టుదల.

కొత్తగా వచ్చిన తల్లులు అడిగితే నేను ఒకటే చెబుతాను. ఇంట్లో తెలుగే మాట్లాడండి, పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చినా మీరు తెలుగు వదలకండి, వారానికోసారైనా అమ్మమ్మ తాతయ్యలతో మీ ప్రమేయం లేకుండా మాట్లాడనివ్వండి. ఇది నేను నమ్మే మాట, పాటించే మాట. కానీ మే నెలలో మ్యాథ్ పరీక్షలొస్తే తెలుగు బడి మానిపించేదీ నేనే. పిల్లలు గమనిస్తారు. అమ్మకు ఏది ముఖ్యమో వాళ్లకి మన మాటల కన్నా మన క్యాలెండర్ చూస్తేనే తెలుస్తుంది.

ఈ మధ్య మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకరు, తెలుగుకి కూడా ఏపీ కావాలని, ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డుకి అర్జీ పెడదామన్నారు. ఇప్పుడు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, చైనీస్, జపనీస్, లాటిన్‌లకు ఉంది. భారతీయ భాష ఒక్కటీ లేదు. ఇటాలియన్ కథ తెలుసుకుంటే ఆశ కలుగుతుంది. చేరే పిల్లలు తక్కువని, డబ్బు చాలట్లేదని 2009 పరీక్ష తర్వాత దాన్ని ఆపేశారు. ఇటలీ ప్రభుత్వం, ఇక్కడి ఇటాలియన్ సంఘాలు కలిసి నిధులు సమకూరిస్తే రెండేళ్లకు తిరిగొచ్చింది. మనకు ఇప్పుడు రెండు రాష్ట్రాలున్నాయి, ఇక్కడ సంఘాలకూ లోటు లేదు. కొన్ని చోట్ల రెండు భాషలు వచ్చని హైస్కూలు డిప్లొమా మీద వేసే సీల్ ఆఫ్ బైలిటరసీని తెలుగుతో తెచ్చుకునే వీలు ఇప్పటికే ఉంది. అసాధ్యమేమీ కాదు.

మా ఆయన వెంటనే పేరిచ్చారు. నేనూ ఇస్తాను. క్రెడిట్ కోసమైనా నలుగురు పిల్లలు ఒత్తులూ గుణింతాలూ వదలకుండా పట్టుకుంటే మంచిదే. కానీ ఒక దిగులుంది. మా అమ్మాయి ఏ సబ్జెక్టుకైనా పరీక్ష అయిన మర్నాడే ఆ పుస్తకాలు అట్టపెట్టెలో పెట్టి గరాజ్‌లో పడేస్తుంది. తెలుగూ ఆ పెట్టెలోకే వెళ్తుందా? ఆ పరీక్షకు వచ్చేది పుస్తకాల తెలుగు. ఐదుకి ఐదు తెచ్చుకున్న పిల్లకు కూడా కుక్కునూరు మాట అర్థం కాకపోవచ్చు. ఏపీ లేకపోయినా ఈ వేసవిలో అమ్మ దగ్గర నెల రోజులుంటే అర్థం కావచ్చు. జూన్‌లో సమ్మర్ కోర్సు ఒకటుంది, దానికీ డబ్బు కట్టేశాం. రెండింట్లో ఏది వదలాలో నేనూ మా ఆయనా ఇంకా తేల్చుకోలేదు.