చీల్చిన వెదురు ముక్క

పదకొండున్నరైంది. నిద్ర రావడం లేదు. మా మరిది మీద కోపం ఇంకా దిగలేదు.

ఒంటరి తేనెటీగలు గూళ్లు పెట్టుకుంటాయని వెనక వసారాలో ఒక వెదురు కట్ట వేలాడదీశాను. సంతలో సవర గిరిజనులు తెచ్చే సన్న వెదురే, జానెడేసి ముక్కలు, ఒక కొస కణుపుతో మూసుకుని రెండో కొస తెరిచి ఉంటుంది. దసరాకి కట్టాను. ముప్పై రెండు గొట్టాల్లో ఇప్పటికి నాలుగే నిండాయి. నాలుగూ ఆకులు కోసే ఈగ పనే. గులాబీ ఆకుల్ని గుండ్రంగా కత్తిరించి, ఆ బిళ్లలతోనే గుమ్మం మూసేసింది. ఇదీ తేనెటీగ జాతే, కానీ పట్టు పెట్టదు, గుంపు ఉండదు. ఒక్క ఆడదే గూడు కట్టుకుని, మేత తెచ్చి, గుడ్డు పెట్టి, తలుపేసి వెళ్లిపోతుంది.

ఆ నాలుగింటిలో ఒకదాన్ని మా మరిది కత్తితో నిలువునా చీల్చేశాడు. పిల్లలకి చూపించడానికట. నేను బడి నుంచి వచ్చేసరికి రెండు చెక్కలూ అరుగు మీద ఎండలో పడున్నాయి. చీమలు అప్పటికే వరస కట్టాయి.

"లోపలేముందో చూడకపోతే కట్టడం ఎందుకు వదినా?" అని పైగా నన్నే అడిగాడు.

ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదా? నా టీ గ్లాసు తీయాలన్నా నన్ను అడిగి తీసే ఇల్లు ఇది. ఈ కట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ హక్కే. దీపావళి దులుపుళ్లలో అత్తయ్య దాన్ని పొయ్యిలోకి తీసుకెళ్లబోయారు. పై వాటాలో ఉండే ఒడియా మావుసీ (పిన్ని) "మహుమాఛి (తేనెటీగ) వస్తే పిల్లల్ని కుడుతుంది" అని మూడుసార్లు మా ఆయనకి చెప్పింది. ఈ ఒంటరి ఈగలకి కాపలా కాయడానికి పట్టు ఉండదు, చేత్తో నలిపితే తప్ప కుట్టవు అని నేనూ మూడుసార్లు చెప్పాను. రాత్రి అన్నం దగ్గర ఈయన "పోనీలే, ఒకటే కదా" అన్నారు. చీల్చిన దానికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ ఈగకి అది ఒకటి కాదు. ఎన్ని రోజులు తిరిగిందో, ఎన్ని ఆకులు మోసిందో!

చీమల్ని ఊదేసి చూశాను. ఆరు గదులు, పూసలు గుచ్చినట్టు. ఒక్కోటీ ఆకులతో చుట్టిన చిన్న దొన్నె. ఒక దొన్నె విడిపోయి, పసుపుపచ్చ పుప్పొడి ముద్ద మీద తెల్లటి పురుగు వంకరగా పడుకుని ఉంది. అంత దగ్గరగా చూడటం నాకూ ఇదే మొదటిసారి. సంతోషమేసింది. కోపంలో ఉండి ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కణుపు వైపున్నవి ఆడవి, గుమ్మం వైపువి మగవి అయి ఉంటాయి. మగవి ముందు బయటికొస్తాయి, అందుకే తల్లి వాటిని చివర పెడుతుంది. వీర్యం కలిపి పెట్టిన గుడ్డు ఆడదవుతుంది, కలపనిది మగదవుతుంది. గొట్టం పొట్టిదైతే మగవే ఎక్కువ పుడతాయి. జానెడు ఉండాలని సంతలో నేను బేరం మానేసి కొలుచుకున్నది ఇందుకే. ఫ్రాన్స్‌లో పురుగుల మీద పరిశోధన చేసిన ఫాబర్ (1915లో పోయాడు) ఇలాంటి ఈగలకే రెల్లు గొట్టాలు, గాజు గొట్టాలు పెట్టి ఈ వరస కనిపెట్టాడు. ఆయన కూడా రెల్లు చీల్చే చూశాడు. ఏ ఈగ ఉంది, ఏ పువ్వు పుప్పొడి తెచ్చింది, పరాన్నజీవులేమైనా చేరాయా అన్నది ఇప్పటికీ ఇలాంటి గొట్టాలు తెరిచే తెలుసుకుంటారు. అంటే మరిది చేసింది మరీ అంత తప్పు కాదేమో. తెరిచి అలా ఎండలో వదిలేయడం మాత్రం తప్పే.

ఇది రాస్తుంటే ఒడిశాలోని కాశీనగరంలో మామ్మ గారి పశువుల పాక గుర్తొస్తోంది. సంక్రాంతి ముందు మామ్మ ఇల్లంతా పేడతో అలికేది. తూర్పు గోడలో నా గుండె ఎత్తున జల్లెడలా కన్నాలున్న ఒక జాగాని మాత్రం ముట్టుకునేది కాదు. నీలి చారల ఈగలు సన్నగా జుమ్మంటూ అందులోకి దూరేవి. సాయంత్రం దడి పక్కన ఎండుపుల్లని దవడలతో కరుచుకుని వరసగా వేలాడుతూ నిద్రపోయేవి. అవి మగవని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ కన్నాలు నేను మట్టితో పూడ్చబోతే మామ్మ చెయ్యి పట్టుకుంది. "వంగ పువ్వు మీద వాలేవి ఇవేనే. కప్పెత్తే కూర ఏటి తింటావు?" అంది. వంగ పువ్వు పుప్పొడి ఊరికే రాలదు, పువ్వుని పట్టుకుని వణికించాలి. మన పెట్టెల్లో పెంచే తేనెటీగకి అది చేతకాదు. ఈ నీలి చారలదానికి వచ్చు. మామ్మకి ఇవేవీ ఎవరూ చెప్పలేదు, వంగ మడిలో కూర్చుని చూసింది.

2018లో తిత్లీ తుఫానుకి ఆ గోడ కూలింది. చిన్నాన్న సిమెంటు బ్లాకులతో కట్టించాడు. అప్పుడు నేను ఒక్క మాటా అనలేదు. వెదురు కట్ట కట్టాక ఆ బాకీ కొంత తీరిందనుకున్నాను. తీరలేదు. ఆ ఈగలకి వెదురు పనికిరాదు, వాటికి మట్టే కావాలి. ప్రపంచంలో తెలిసిన 20,000 పైచిలుకు తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం నేలలోనే గూళ్లు పెడతాయి. నేను ఒక్క వెదురు ముక్క కోసం ఇంత గొడవ చేశాను. మొన్న పెరట్లో గచ్చు చేయిస్తుంటే మాత్రం మేస్త్రీకి టీ ఇచ్చి ఊరుకున్నాను.

చిన్నాన్నకి రేపు ఫోన్ చెయ్యాలి. పాక వెనక పాత గోడ మట్టి ఇంకా కుప్పగానే ఉందనుకుంటా. రెండు బస్తాలు తెచ్చి, చెక్క పెట్టెలో మెత్తి, వేలు పట్టే కన్నాలు పొడిచి గోడకి ఆనించొచ్చు.

రెండు చెక్కలూ కలిపి దారం చుట్టి గాజు సీసాలో పెట్టాను. మూతికి పాత చీర గుడ్డ కట్టాను. చీమలు రాకుండా సీసాని నీళ్ల పళ్లెంలో ఉంచాను. ఇందాకే మరిది మెసేజ్ పెట్టాడు: "వదినా, ఆ పురుగు బతికుందా?" ఇంకా జవాబివ్వలేదు. లేచి టార్చి వేసి చూసొచ్చి చెబుతాను.