నాది ‘స్లో బాడీ’ అన్నారు, కొలిపించుకుని వచ్చాను

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి దగ్గరి జిమ్‌లో చేరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అసలు కథంతా అక్కడి ‘బాడీ అనాలిసిస్’ మెషీన్ దగ్గరే.

చెప్పులు విప్పించి, రెండు చేతులా హ్యాండిల్స్ పట్టించి నిలబెట్టారు. వెనక క్యూ ఉంది, అందులో మా ఆఫీసువాళ్ళు కూడా. కాగితం రాగానే ట్రైనర్ (మన హిందూపురం అబ్బాయే, అందుకే ఇంకా మండింది) హాలంతా వినబడేలా ‘అక్కా, మీ మెటబాలిక్ ఏజ్ 52! బీఎంఆర్ 1,240 మాత్రమే. మీది స్లో బాడీ’ అన్నాడు. నాకు 38. (బీఎంఆర్ అంటే ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒళ్ళు రోజుకు ఖర్చుచేసే కేలరీలు. ఆ ఖర్చు ఏ వయసువాళ్ళదిలా ఉందో అదే మెటబాలిక్ ఏజ్ అట.) వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేనింకా చెప్పులన్నా వేసుకోకముందే బేరం మొదలుపెట్టాడు: ఇంకో ఎనిమిది వేలు కడితే ‘ఆఫ్టర్‌బర్న్ బ్యాచ్’ ఉందట, గంట చేస్తే మర్నాడంతా పడుకున్నా కొవ్వు కరుగుతూనే ఉంటుందట. ఈ 1,240 మెషీన్ కొలిచిందా, లెక్కేసిందా అని అడిగితే ‘ఫారిన్ టెక్నాలజీ అక్కా’ అన్నాడు. కట్టలేదు. పరువు తీసి ప్యాకేజీ అమ్మేవాడికి పైసా కూడా ఇవ్వకండి.

ఆ మెషీన్ కేలరీలు కొలవదు. ఒంట్లోకి కొద్దిపాటి కరెంటు పంపి కండ, కొవ్వు ఎంతో అంచనా కట్టి, ఆ అంకెలను ఫార్ములాలో వేస్తుంది. నిజంగా తెలియాలంటే ఊపిరిని కొలవాలి. ఇందిరానగర్‌లో ఒక స్పోర్ట్స్ క్లినిక్‌లో చేయించుకున్నాను. తలమీద ప్లాస్టిక్ గుమ్మటం పెట్టి అరగంట పడుకోబెడతారు, నిద్రపోకూడదు. మనం వాడుకునే ఒక్కో లీటరు ఆక్సిజన్‌కు దాదాపు 5 కేలరీలు ఖర్చవుతాయి, లెక్క అదే. నాకు 1,390 వచ్చింది. బీఎంఆర్ అంచనా కట్టే 1990 నాటి మిఫ్లిన్ ఫార్ములాలో నా బరువు, ఎత్తు, వయసు వేసినా 1,329 వస్తుంది. ఎవరిది స్లో ఇప్పుడు?

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. రోజు మొత్తం ఖర్చులో 60–70 శాతం ఊరికే బతికుండటానికే పోతుంది. బరువులో 2 శాతం ఉండే మెదడు, విశ్రాంతిలో అయ్యే ఖర్చులో దాదాపు 20 శాతం తినేస్తుంది. కిలో కండ రోజుకు 13 కేలరీలు, కిలో కొవ్వు నాలుగున్నర, అంతే. కాబట్టి కాస్త కండ పెంచితే పడుకున్నా వందలకొద్దీ కరుగుతాయన్నది కూడా అమ్మకపు మాటే. ఆఫ్టర్‌బర్న్ ఉంది, అబద్ధం కాదు. వ్యాయామం ఆపాక కూడా ఒళ్ళు వేడిగా ఉంటుంది, గుండె వేగం వెంటనే తగ్గదు, కండరాల్లో ఖర్చైన ఇంధనం మళ్ళీ నింపుకోవాలి. కానీ అది వ్యాయామంలో ఖర్చైనదాంట్లో 6 నుంచి 15 శాతం. 300 కేలరీల వ్యాయామానికి మహా అయితే 45, అంటే ఒక ఇడ్లీ. ఎనిమిది వేలకు ఇడ్లీ!

ఈ ఊపిరి టెస్టుకు వెళ్ళేవాళ్ళు రాత్రి భోజనం తర్వాత నీళ్ళు తప్ప ఏమీ తీసుకోకండి, కాఫీ అసలే వద్దు, ముందురోజు జిమ్ మానేయండి. స్లాట్ మాత్రం పొద్దున్నే అడగండి. ట్రాఫిక్‌లో టెన్షన్ పడి వెళితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.